ప్రోస్టేట్ క్యాన్సర్ గ్రంథి దాటి ఎలా వెళ్తుంది? కణ నిర్మాణ ప్రోటీన్ల పాత్ర

సంక్షిప్తంగా

ప్రోస్టేట్ గ్రంథి లోపలే ఉండిపోయిన క్యాన్సర్‌తో చాలామంది ఏళ్ల తరబడి బతుకుతారు. ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా అది ఎముకల వంటి చోట్లకు పాకినప్పుడే. అలా పాకాలంటే కణం పక్క కణాలను వదిలించుకోవాలి, ఆకారం మార్చుకోవాలి, ఇరుకు సందుల్లోంచి దూరాలి, చేరిన చోట మళ్లీ కుదురుకోవాలి. ఈ పనులు ఆక్టిన్, ట్యూబ్యులిన్, కెరాటిన్, విమెంటిన్, ఈ-క్యాధెరిన్ వంటి నిర్మాణ ప్రోటీన్ల ద్వారా జరుగుతాయి. వీటిలో ఏ ఒక్కదాన్నీ వ్యాప్తికి కారణమని వేలెత్తి చూపలేం. ఫలానా ప్రోటీన్ ఎంత ఉందన్నదానికన్నా, అది కణంలో ఎక్కడ ఉంది, దేనికి తగులుకొని ఉంది అన్నదే ఎక్కువ తేడా తెస్తుంది.

వ్యాప్తే అసలు ప్రశ్న

అనంతపురం, హిందూపురం నుంచి బెంగళూరుకు, నెల్లూరు, చిత్తూరు నుంచి చెన్నైకి రెండో అభిప్రాయం కోసం వచ్చే కుటుంబాల చేతిలో స్కాన్ ఫిల్ముల కవరుతో పాటు ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టె కూడా ఉంటుంది. అందులో ముక్క పరీక్ష (బయాప్సీ) తాలూకు గాజు స్లైడ్లు, మైనంలో పొదిగిన బ్లాకులు ఉంటాయి. పెద్ద ఆసుపత్రిలో పాథాలజిస్టు ఆ స్లైడ్లను మళ్లీ చూసి, అవసరమైతే బ్లాకు నుంచి కొత్త పొర కోయించి, వేరే రంగులు వేయించి తన మాట చెబుతారు. ఇంటివాళ్లు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ‘పాకిందా, పాకుతుందా?’ ఈ ప్రశ్నలోని రెండో సగానికి స్లైడు మీద దొరికే ఆధారాలు చాలావరకు కణాల నిర్మాణానికి సంబంధించినవే.

1982 నుంచి జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం కింద జనాభా ప్రాతిపదికన లెక్కలు సేకరిస్తున్న తొలి నగరాల్లో బెంగళూరు, చెన్నై రెండూ ఉన్నాయి. బెంగళూరు లెక్కలను కిద్వాయి సంస్థ, చెన్నై లెక్కలను అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ చూస్తున్నాయి. ఈ మహానగరాల మగవారిలో కనిపించే మొదటి పది క్యాన్సర్లలో ప్రోస్టేట్ ఒకటి. ప్రపంచం మొత్తం మీద 2022లో సుమారు 14.7 లక్షల కొత్త కేసులు, 4 లక్షలకు కాస్త తక్కువగా మరణాలు నమోదైనట్టు అంచనా. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే ఈ జబ్బు స్వభావాన్ని చెబుతుంది.

బ్రిటన్‌లో 1,643 మంది మీద జరిగి, 2023లో దాదాపు 15 ఏళ్ల ఫలితాలు వెలువడిన ఒక పరీక్ష ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేసింది. గ్రంథికే పరిమితమైన క్యాన్సర్ ఉన్నవారిని మూడు వర్గాలుగా విడదీసి, కొందరికి శస్త్రచికిత్స, కొందరికి రేడియేషన్ ఇచ్చి, మిగిలినవారిని కేవలం గమనిస్తూ వచ్చారు. ఏ వర్గంలో ఉన్నా ప్రోస్టేట్ క్యాన్సర్ వల్ల చనిపోయినవారు మొత్తం మీద 2.7 శాతమే. అయితే గమనింపులో ఉన్నవారిలో 9.4 శాతం మందికి క్యాన్సర్ ఇతర భాగాలకు పాకగా, చికిత్స పొందిన రెండు వర్గాల్లో అది 5 శాతం దగ్గరే ఆగింది. గడ్డ ఉండడం వేరు, గడ్డలోని కణాలు బయలుదేరడం వేరు అన్నమాట. మొదటిదానికి మూలం జన్యువుల్లో వచ్చే మార్పులు. రెండోది జరగాలంటే ఆ మార్పులు కణపు కట్టడం దాకా చేరాలి.

కణం లోపలి పందిరి

కణం అంటే నీళ్లు నింపిన సంచి కాదు. దానికి రాటలు, వాసాలు, తాళ్లు ఉన్న ఒక పందిరి లాంటి ఏర్పాటు ఉంది. జీవశాస్త్రం దీన్ని కణ అస్థిపంజరం అంటుంది గానీ, అస్థిపంజరం అనే మాట కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఎముకల గూడు ఏళ్ల తరబడి ఒకే తీరున ఉంటుంది. ఈ పందిరి మాత్రం నిలబడి ఉండగానే ఒకవైపు విప్పుకుంటూ, మరోవైపు కట్టుకుంటూ ఉంటుంది.

ఇందులో మూడు రకాల తంతువులు ఉన్నాయి. అన్నిటికన్నా సన్ననివి ఆక్టిన్ తంతువులు, మందం సుమారు 7 నానోమీటర్లు. కణ త్వచానికి ఆనుకొని వలలా పరుచుకునేవి ఇవే. మయోసిన్ అనే మరో ప్రోటీన్ ఈ తాళ్లను పట్టి లాగితే కణం బిగుసుకుంటుంది. లావుపాటివి సూక్ష్మనాళికలు, మందం 25 నానోమీటర్లు, ట్యూబ్యులిన్‌తో తయారవుతాయి. కణ విభజన వేళ క్రోమోజోములను రెండు వైపులకు లాగేది వీటి సాయంతోనే. మిగతా సమయంలో సరుకు రవాణాకు పట్టాల్లా పనికొస్తాయి, వాటి మీద డైనిన్, కైనెసిన్ అనే ప్రోటీన్లు మూటలు మోసుకుంటూ నడుస్తాయి. ఈ రెండింటికీ మధ్య 10 నానోమీటర్ల మందంలో మధ్యస్థ తంతువులు ఉంటాయి. గ్రంథుల లోపలి పొరల్లోని కణాల్లో ఇవి కెరాటిన్‌తోనూ, కణాల మధ్య అతుకుగా ఉండే కణజాలంలో విమెంటిన్‌తోనూ తయారవుతాయి.

కెరాటిన్ ఉన్న కణం కుదురుగా ఉండే రకం. విమెంటిన్ ఉన్న కణం తిరుగుబోతు రకం. ఈ వర్ణన కొంచెం మోటుగా ఉన్నా, ముందు చెప్పబోయే విషయానికి ఇదే పునాది.

పక్క కణం చెయ్యి వదలడం

ఆరోగ్యంగా ఉన్న ప్రోస్టేట్‌లో కణాలు చిన్న చిన్న గుండ్రటి గదుల చుట్టూ రెండు వరుసల్లో నిలబడి ఉంటాయి. లోపలి వరుస ద్రవాన్ని స్రవిస్తుంది, వాటిలో కెరాటిన్ 8, 18 ఉంటాయి. బయటి వరుసలోని ఆధార కణాల్లో కెరాటిన్ 5, 14 ఉంటాయి. ఆ వెలుపల ఆధార త్వచమనే పలుచని గోడ. రక్తపరీక్షలో కొలిచే పీఎస్‌ఏ అనే ప్రోటీన్ లోపలి వరుస నుంచి ఆ గది లోపలికే వెలువడాలి, రక్తంలోకి కాదు. ఆధార కణాల వరుస చెదిరి, గోడ దెబ్బతిన్నప్పుడు అది రక్తంలోకి ఎక్కువగా కారుతుంది. గ్రంథి ఉబ్బినా, ఇన్ఫెక్షన్ వచ్చినా కూడా పీఎస్‌ఏ పెరుగుతుంది కాబట్టి ఆ అంకెను మాత్రమే చూసి క్యాన్సర్ అని చెప్పలేరు. కానీ క్యాన్సర్‌లో అది పెరగడానికి పెద్ద కారణం కణాలు ఎక్కువ పీఎస్‌ఏ తయారుచేయడం కాదు, కట్టడం కూలడం.

వరుసలోని కణాలు ఒకదాన్నొకటి పట్టుకొని ఉండడానికి ఈ-క్యాధెరిన్ అనే ప్రోటీన్ కావాలి. జపాన్ శాస్త్రవేత్త మసాతోషి తాకేయిచి క్యాధెరిన్లను గుర్తించి, కాల్షియం ఉంటేనే ఇవి పనిచేస్తాయని చూపారు. ఒక కణం మీది క్యాధెరిన్ పక్క కణం మీది క్యాధెరిన్‌ను చేయి పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. అయితే ఆ చేతికి భుజం కూడా ఉండాలి గదా. కణం లోపల బీటా-క్యాటెనిన్, దానికి ఆల్ఫా-క్యాటెనిన్, దాని ద్వారా ఆక్టిన్ వల, ఇలా గొలుసు కుదిరితేనే పట్టు నిలుస్తుంది.

ఈ గొలుసు ఎక్కడ తెగినా ఫలితం ఒకటే. ప్రయోగశాలల్లో విరివిగా వాడే పీసీ-3 అనే ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు ఒక రోగి ఎముకలోని గడ్డ నుంచి తీసినవి. వాటిలో ఆల్ఫా-క్యాటెనిన్ జన్యువే లోపించిందని 1993లో తేలింది. అంటే ఈ-క్యాధెరిన్ కొంత మిగిలి ఉన్నా అది లోపలి పందిరికి తగులుకోలేదు. తాడు కట్టని రాట లాంటిది, పేరుకు నిలబడి ఉంటుంది. అంతకు ముందే 1990ల తొలి ఏళ్లలో రోగుల గడ్డలను పరీక్షించినవారు, ఈ-క్యాధెరిన్ తగ్గిన గడ్డలు ఎక్కువగా తీవ్ర స్థాయివని గమనించారు.

అమెరికా పాథాలజిస్టు డొనాల్డ్ గ్లీసన్ 1966లో ప్రతిపాదించిన గ్రేడింగ్ ఇప్పటికీ ప్రతి రిపోర్టులో కనిపిస్తుంది. ఆ పద్ధతి కణం ఎంత వికారంగా ఉందో చూడదు, గదుల అమరిక ఎంత మిగిలిందో చూస్తుంది. గుండ్రటి గదులు విడివిడిగా ఉంటే తక్కువ అంకె, అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతే దానికి పై అంకె, గదులే లేకుండా కణాలు ఒంటరిగా, వరుసగా చెదిరి ఉంటే 5. ఆ రోజుల్లో క్యాధెరిన్ పేరు ఎవరికీ తెలియదు. అయినా గ్లీసన్ తక్కువ శక్తి గల మైక్రోస్కోపులో లెక్కగట్టింది, ఒక రకంగా, ఈ చేతుల పట్టు ఎంత సడలిందన్నదే.

పట్టు సడలడం వెనుక ఒక పెద్ద కార్యక్రమం ఉంది. పిండం ఎదిగే దశలో కుదురుగా ఉన్న కణాలు తిరుగుబోతు కణాలుగా మారి కొత్త చోట్లకు వెళ్తాయి. క్యాన్సర్ ఆ పాత పద్ధతినే తవ్వి తీసి వాడుకుంటుంది. స్నెయిల్, ట్విస్ట్, జెబ్1 వంటి నియంత్రక ప్రోటీన్లు ఈ-క్యాధెరిన్ తయారీని అణచివేస్తాయి, కెరాటిన్ తగ్గి విమెంటిన్ పెరుగుతుంది. చుట్టుపక్కల కణజాలం నుంచి వచ్చే టీజీఎఫ్-బీటా వంటి సంకేతాలు దీన్ని మొదలుపెట్టగలవు. చాలా వార్తాకథనాలు ఇక్కడే పొరపడతాయి. ఈ మార్పు స్విచ్ వేసినట్టు పూర్తిగా జరుగుతుందని రాస్తారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో మోహిత్ కుమార్ జాలీ బృందం గణిత నమూనాలతో అధ్యయనం చేస్తున్న అంశాల్లో ఒకటి సరిగ్గా దీనికి భిన్నమైనది: సగం కుదురు, సగం తిరుగుబోతు లక్షణాలున్న మధ్యస్థ స్థితి. అలాంటి కణాలు కొంత కదలగలవు, కొంత అతుక్కోగలవు. గుంపులుగా ప్రయాణించడానికి ఇదే అనువు.

రెండు రకాల నడక

విడివడిన కణం ముందుకు కదిలే తీరు ప్రధానంగా రెండు రకాలు. బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు రద్దీలో సామానుతో పోయేవారిని గమనిస్తే రెండూ కనిపిస్తాయి. ఒకరు మోచేతులతో జనాన్ని పక్కకు నెట్టి దారి చేసుకుంటారు. ఇంకొకరు ఒళ్లు సన్నం చేసుకొని, ఎక్కడ సందు దొరికితే అక్కడ జారుకుంటారు.

మొదటి రకంలో ర్యాక్, సీడీసీ42 అనే చిన్న ప్రోటీన్లు కణం ముందు అంచున ఆక్టిన్ తంతువులను పెంచుతాయి. ఆర్ప్2/3 అనే సముదాయం ఉన్న తంతువుకు కొమ్మలు వేయిస్తుంది, ఆ కొమ్మలు త్వచాన్ని ముందుకు తోస్తాయి. కొన్ని చోట్ల ఆక్టిన్ చిన్న మేకుల్లాంటి పొడుచుకొచ్చే భాగాలను ఏర్పరచి, వాటి కొసకు గోడను కరిగించే ఎంజైములను చేరుస్తుంది. ఆధార త్వచానికి కన్నం వేసే పని వీటిది. ఇంటెగ్రిన్లు అనే ప్రోటీన్లు బయటి నారను పట్టుకుంటాయి, టాలిన్ అనే ప్రోటీన్ వాటిని లోపలి ఆక్టిన్‌తో కలుపుతుంది. పట్టు, లాగుడు, వెనుక వదలడం, మళ్లీ పట్టు.

రెండో రకంలో కణం గుండ్రంగా మారుతుంది. రో అనే ప్రోటీన్, దాని కింద పనిచేసే ఎంజైము కలిసి మయోసిన్‌ను ఉసిగొల్పితే కణం చుట్టూ ఉన్న ఆక్టిన్ పొర బిగుసుకొని, బలహీనంగా ఉన్న చోట త్వచం బుడగలా పొంగుతుంది. ఆ బుడగ సందులోకి దూరుతుంది, మిగతా ఒళ్లు వెనకాలే వస్తుంది. గోడ కరిగించే ఎంజైములతో పెద్దగా పని లేదు. ఆక్టిన్ తంతువులను పొడవుగా పెంచే డయాఫ్3 అనే ప్రోటీన్ లోపించిన ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు ఈ రెండో నడకకు మారతాయని, పాకిన గడ్డల్లో ఆ జన్యువు లోపించడం ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధనలు చూపాయి. గోడ కరిగించే ఎంజైములను అడ్డుకునే మందులు గతంలో రకరకాల క్యాన్సర్లలో విఫలమయ్యాయి. మొదటి దారి మూస్తే కణం రెండో దారి పట్టగలగడం అందుకు ఒక కారణం కావచ్చు.

ఏ నడకకైనా అడ్డుపడేది కేంద్రకమే. కణంలో అన్నిటికన్నా పెద్దది, గట్టిది అదే. మిగతా ఒళ్లంతా ఎలాగైనా సాగుతుంది గానీ కేంద్రకం పట్టని సందులో కణం ఇరుక్కుపోతుంది. కేంద్రకానికి గట్టిదనం ఇచ్చేవి లామిన్ ఎ/సి అనే తంతువులు, వాటికి తోడు లోపలి పొరలో ఉండే ఎమెరిన్ వంటి ప్రోటీన్లు. ఎమెరిన్ తగ్గిన ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల్లో కేంద్రకం ఆకారం అస్థిరంగా మారి, ఎలుకల్లో వ్యాప్తి పెరిగినట్టు 2018లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. ఇరుకులో దూరేటప్పుడు కేంద్రకం పొర చిట్లడం, డీఎన్‌ఏ దెబ్బతినడం, కణం దాన్ని మళ్లీ అతికించుకోవడం 2016లో రెండు బృందాలు విడివిడిగా గమనించాయి. అంటే దూరిన ప్రతిసారీ కణం జన్యుపరంగా ఇంకాస్త చెడిపోయే అవకాశం ఉంది. ప్రయాణం వల్లే ప్రయాణికుడు మారిపోతాడు.

గట్టి గడ్డ, మెత్తటి కణం

యూరాలజిస్టు వేలితో పరీక్షించినప్పుడు ప్రోస్టేట్‌లో గట్టిగా తగిలే చోటును అనుమానిస్తారు. అదే సమయంలో పాకే క్యాన్సర్ కణాలు మెత్తగా ఉంటాయని పరిశోధకులు అంటారు. 2007లో ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటి నుంచి తీసిన కణాలను అతిసన్నని సూదిమొనతో నొక్కి చూసినప్పుడు, పాకిన క్యాన్సర్ కణాలు మామూలు కణాలకన్నా 70 శాతానికి పైగా మెత్తగా ఉన్నాయని తేలింది. ఆ నమూనాలు ప్రోస్టేట్‌వి కావు, ఇతర క్యాన్సర్లవి. ఆ మేరకు జాగ్రత్తగానే చదవాలి.

ఈ రెండు మాటలకూ వైరం లేదు. వేలికి తగిలే గట్టిదనం కణాలు కిక్కిరిసి ఉండడం వల్ల, వాటి చుట్టూ కొల్లాజెన్ నార పేరుకుపోవడం వల్ల వస్తుంది. ఆ గట్టి నేల మీద ఉన్న కణం ఇంటెగ్రిన్ల ద్వారా దాన్ని పసిగట్టి, తన ఆక్టిన్‌ను మరింత బిగించి, మరింత బలంగా లాగుతుంది. గట్టి నేల కదలికను ప్రోత్సహిస్తుంది, మెత్తటి ఒళ్లు ఇరుకులో దూరడానికి ఉపకరిస్తుంది. క్యాన్సర్‌కు రెండూ కలిసివస్తాయి.

ఎముకలోనే ఎందుకు?

1,589 మంది ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల శవపరీక్షల ఆధారంగా 2000లో వచ్చిన అధ్యయనంలో 35 శాతం మందికి రక్తం ద్వారా వ్యాప్తి జరిగింది. అలా పాకినవారిలో 90 శాతం మందికి ఎముకల్లో గడ్డలు ఉన్నాయి. ఊపిరితిత్తులు 46 శాతంతో, కాలేయం 25 శాతంతో ఆ తర్వాత వస్తాయి. నడుము నొప్పి అని ఆర్థోపెడిక్ వైద్యుడి దగ్గరికి వెళ్లిన పెద్దాయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడడం అరుదైన సంగతి కాదు.

దీనికి పాత వివరణలు రెండు ఉన్నాయి. 1889లో బ్రిటిష్ వైద్యుడు స్టీఫెన్ పేజెట్ విత్తనం, నేల అనే పోలిక చెప్పారు: విత్తనం అన్ని చోట్లా పడుతుంది, తగిన నేలలోనే మొలుస్తుంది. 1940లో ఆస్కార్ బాట్సన్ దారి గురించి చెప్పారు: కటి ప్రాంతపు సిరలకూ వెన్నెముక చుట్టూ ఉన్న కవాటాలు లేని సిరల అల్లికకూ నేరుగా సంబంధం ఉంది, దగ్గినా ముక్కినా రక్తం అటు మళ్లుతుంది. మొదటిది గమ్యాన్ని, రెండోది దారిని వివరిస్తున్నాయి కాబట్టి ఏది సరైనదని వాదించుకోనక్కర్లేదు.

నిర్మాణ ప్రోటీన్ల పని ఈ రెండింటి మధ్య. రక్తంలో పడిన కణాల్లో అత్యధికం చనిపోతాయి. 1970లో ఐజయా ఫిడ్లర్ ఎలుకల్లో చేసిన ప్రయోగాల్లో రక్తంలోకి ఎక్కించిన క్యాన్సర్ కణాల్లో ఒక్క శాతం కూడా మిగల్లేదు. మిగిలినది ఎముక మజ్జలోని సన్నని రక్తనాళాల గోడను పట్టుకోవాలి. అక్కడ ఇంటెగ్రిన్లు, వాటిని లోపలి నుంచి బిగించే టాలిన్ అక్కరకొస్తాయి.

చేరిన తర్వాత ఇంకో మలుపు ఉంది. ఊరు విడిచిన కణం ఈ-క్యాధెరిన్‌ను పోగొట్టుకుంది గదా, ఎముకలో దొరికే గడ్డల్లో అది ఉండకూడదు. కానీ చాలా గడ్డల్లో ఉంది. ప్రయాణం కోసం తీసేసిన పందిరిని కణం కొత్త ఊళ్లో మళ్లీ వేసుకుంటుంది, పక్క కణాల చేయి మళ్లీ పట్టుకుంటుంది. అలా పట్టుకుంటేనే ఒంటరి కణం గడ్డగా ఎదుగుతుంది. ఈ-క్యాధెరిన్ మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు రాదు. కణం బయలుదేరుతోందా, చేరిందా అని ముందు అడగాలి.

ఒకే ప్రోటీన్, రెండు ముఖాలు

ఫిలమిన్-ఎ విషయంలో ఇది మరీ స్పష్టం. ఇది ఆక్టిన్ తంతువులను అడ్డంగా కలిపి వల అల్లే పెద్ద ప్రోటీన్. పూర్తి నిడివితో కణద్రవంలో ఉన్నప్పుడు కదలికకు తోడ్పడుతుంది. ఎంజైములు దాన్ని కత్తిరిస్తే వచ్చే ఒక ముక్క కేంద్రకంలోకి వెళ్లి, మగ హార్మోన్‌ను అందుకునే ఆండ్రోజెన్ గ్రాహకాన్ని పట్టుకొని దాని పనిని తగ్గిస్తుంది. రోగుల నమూనాలను పోల్చి చూసిన 2009 నాటి అధ్యయనంలో, క్యాన్సర్ లేని ప్రోస్టేట్ కణజాలంలో ఫిలమిన్-ఎ ఎక్కువగా కేంద్రకంలోనూ, పాకిన గడ్డల్లో కణద్రవంలోనూ కనిపించింది.

ఒక ప్రయోగశాల కణాలను నలగ్గొట్టి మొత్తం ఫిలమిన్-ఎ ఎంత ఉందో కొలిస్తే ఈ తేడా పట్టుబడదు. ఒక అధ్యయనం ‘ఇది క్యాన్సర్‌ను అణచివేస్తుంది’ అనీ, మరొకటి ‘ఇది క్యాన్సర్‌ను పెంచుతుంది’ అనీ చెబితే, రెండూ నిజమే అయ్యే వీలుంది. ‘ఫలానా ప్రోటీన్‌ను అడ్డుకుంటే ప్రోస్టేట్ క్యాన్సర్ పాకదు’ అంటూ వాట్సాప్‌లో తిరిగే వార్తలు పాఠకులను అయోమయంలో పడేసేది ఇక్కడే. ఆ ఫలితం పళ్లెంలో పెంచిన కణాల్లోదా, ఎలుకల్లోదా, రోగుల్లోదా అన్నది చాలాసార్లు వార్త చివరి పేరాలో గానీ తెలియదు.

మందులు ఎక్కడ పనిచేశాయి, ఎక్కడ చేయలేదు

నిర్మాణ ప్రోటీన్ మీద గురిపెట్టి ప్రోస్టేట్ క్యాన్సర్‌లో నిలదొక్కుకున్న మందుల కుటుంబం ఒకటే, అది డోసెటాక్సెల్, కబాజిటాక్సెల్ ఉన్న టాక్సేన్లు. ఇవి బీటా-ట్యూబ్యులిన్‌ను పట్టుకొని సూక్ష్మనాళికలు విడిపోకుండా చేస్తాయి. పందిరి కూలగొట్టడం కాదు, విప్పడానికి వీల్లేకుండా బిగించేయడం. 2004లో 1,006 మంది మీద జరిగిన పరీక్షలో, హార్మోన్ చికిత్సకు లొంగని దశలో మూడు వారాలకోసారి డోసెటాక్సెల్ పొందినవారి మధ్యస్థ జీవితకాలం 18.9 నెలలు, అప్పటిదాకా వాడుకలో ఉన్న మైటోజాంట్రోన్‌తో 16.5 నెలలు. 2015లో వెలువడిన మరో పరీక్షలో, పాకిన క్యాన్సర్‌కు మొదట్లోనే హార్మోన్ చికిత్సతో పాటు డోసెటాక్సెల్ ఇస్తే 57.6 నెలలు, హార్మోన్ చికిత్స మాత్రమే ఇస్తే 44 నెలలు. మందు అదే, ఇచ్చే సమయం మారింది. లాభం ఎన్నో రెట్లు పెరిగింది.

విభజన ఆగిపోతుంది కాబట్టి కణం చస్తుందన్నది చిరకాలంగా ఉన్న వివరణ. కానీ ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు చాలావరకు నెమ్మదిగా విభజన చెందేవి, మరి ఈ మందు వాటి మీద ఇంతగా ఎందుకు పనిచేయాలి? మగ హార్మోన్ తగిలిన ఆండ్రోజెన్ గ్రాహకం కేంద్రకంలోకి చేరడానికి సూక్ష్మనాళికల పట్టాల మీద, డైనిన్ సాయంతో ప్రయాణిస్తుందని, టాక్సేన్లు ఆ రవాణాను అడ్డుకుంటాయని గత పదిహేనేళ్లలో పరిశోధనలు చూపాయి. 1941లో చార్లెస్ హగిన్స్ వృషణాల తొలగింపుతో ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందని చూపి, 1966లో నోబెల్ అందుకున్నారు. ఆయన హార్మోన్‌ను ఆపారు, టాక్సేన్లు బహుశా హార్మోన్ కబురు మోసే దారిని కూడా ఆపుతున్నాయి. ఈ వివరణ అందంగా ఉన్నా పూర్తిగా నమ్మడానికి లేదు. పట్టాల అవసరం లేకుండానే కేంద్రకం చేరే ఏఆర్-వీ7 అనే కురచ గ్రాహకం ఉన్న రోగుల్లో టాక్సేన్లు పనిచేయకూడదు, అయితే 2015లో చూసినప్పుడు వారిలోనూ పనిచేశాయి.

ఇదే మందు వేళ్లకు, పాదాలకు తిమ్మిరి తెప్పించడానికీ మూలం అదే. నడుము నుంచి కాలివేళ్ల దాకా సాగే నరాల తంతువుల్లో సరుకు నడిచేది ఈ సూక్ష్మనాళికల మీదే.

ఆక్టిన్ మీద మందు ఎందుకు లేదన్నది సహజమైన ప్రశ్న. ఆక్టిన్‌ను చెడగొట్టే పదార్థాలు శిలీంధ్రాల్లో ఎప్పటి నుంచో దొరుకుతున్నాయి. అయితే గుండె కొట్టుకోవడానికి, కండరం ముడుచుకోవడానికి కావలసింది కూడా ఆక్టినే కాబట్టి దాన్ని తాకడానికి వీల్లేదు. అందుకని దాన్ని నడిపించే ఎంజైముల వైపు మళ్లారు. కణం పట్టునూ కదలికనూ నియంత్రించే సార్క్ ఎంజైమును దసాటినిబ్ అడ్డుకుంటుంది. ప్రయోగశాలలో అది ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలను బాగా నిలువరించింది. తీరా 1,522 మంది రోగుల మీద జరిగి 2013లో ఫలితాలు వెలువడిన పరీక్షలో, డోసెటాక్సెల్‌తో పాటు దాన్ని పొందినవారి మధ్యస్థ జీవితకాలం 21.5 నెలలు, డోసెటాక్సెల్‌తో పాటు ఖాళీ మాత్ర పొందినవారిది 21.2 నెలలు. రో కింద పనిచేసే ఎంజైమును అడ్డుకునే మందులు కూడా ఉన్నాయి; వాటిని కంటి నీటికాసులకు (గ్లకోమా), మూలకణ మార్పిడి తర్వాత వచ్చే సమస్యలకు వాడుతున్నారు, క్యాన్సర్‌కు కాదు.

ఈ వైఫల్యాన్ని మందు మీదికే నెట్టడం సరికాదు. ఆ పరీక్షలో చేరినవారికి అప్పటికే క్యాన్సర్ పాకి ఉంది. కణాలు బయలుదేరకుండా ఆపే మందును, అవి అప్పటికే ఇతర చోట్లకు చేరిపోయినవారికి ఇచ్చి, ఎక్కువ కాలం బతికారా అని చూడడం అన్నమాట. వ్యాప్తి లేకుండా గడిచిన కాలాన్నే కొలమానంగా తీసుకొని అమెరికాలో ప్రోస్టేట్ మందుకు మొదటిసారి అనుమతి ఇచ్చింది 2018లోనే, అదీ అపాలుటమైడ్ అనే హార్మోన్ మందుకు. కదలికను ఆపే మందులకు కావలసిన పరీక్షా పద్ధతి అప్పటికి గానీ దొరకలేదు.

రిపోర్టులో, రక్తంలో కనిపించేది

నిర్మాణ ప్రోటీన్లు చికిత్సలో కన్నా నిర్ధారణలోనే ఎక్కువగా పనికొస్తున్నాయి. ముక్క పరీక్షలో అనుమానం తీరనప్పుడు ఆధార కణాల కెరాటిన్‌ను పట్టే రంగు వేస్తారు. మామూలు గది చుట్టూ గోధుమరంగు అంచు, పెన్సిలుతో గీసినట్టు, కనిపిస్తుంది. క్యాన్సర్ గదుల చుట్టూ ఆ అంచు ఉండదు. రిపోర్టులో ‘ఆధార కణాల పొర లేదు’ అన్న మాట కనిపిస్తే దాని అర్థం ఇదే. అది క్యాన్సర్‌ను నిర్ధారిస్తుందే తప్ప పాకిందని చెప్పదు. ఈ తేడా తెలియక భయపడేవారు చాలామంది.

రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలను లెక్కించే పరీక్ష కూడా కెరాటిన్ మీదే ఆధారపడింది. 7.5 మిల్లీలీటర్ల రక్తంలోంచి ఎప్‌క్యామ్ అనే ఉపరితల ప్రోటీన్ ఉన్న కణాలను అయస్కాంతంతో లాగి, వాటిలో కెరాటిన్ 8, 18, 19 ఉండి తెల్లరక్తకణాల గుర్తు లేనివాటిని లెక్కిస్తారు. 2008లో వెలువడిన అధ్యయనంలో, హార్మోన్ చికిత్సకు లొంగని దశలో కీమో మొదలుపెట్టబోయే ముందు ఈ లెక్క 5 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవారి మధ్యస్థ జీవితకాలం 11.5 నెలలు, 5 కన్నా తక్కువ ఉన్నవారిది 21.7 నెలలు. వైద్యులకు ఇది ఉపయోగపడే అంకె. కానీ కుదురు లక్షణాలు పూర్తిగా వదిలేసి, ఎప్‌క్యామ్, కెరాటిన్ పోగొట్టుకొని, విమెంటిన్ తొడుక్కున్న కణం ఆ అయస్కాంతానికి అంటుకోదు, అంటుకున్నా రంగు పట్టదు. రక్తంలో అది ఉంటుంది, లెక్కలో ఉండదు.